జాన్ బాయ్డ్ డన్‌లప్

సోమందేపల్లె మెట్టదారులలో తుమ్మముండ్లు మెండు. ముల్లు దిగి గాలి పోయినచో ఎంత మంచి సైకిలైనను సాగదు. ఆ గాలిటైరును లోకమున వాడుకలోనికి తెచ్చిన మహనీయుడు డన్‌లప్.

ఆయన 1840లో స్కాట్లండునందు జన్మించెను. పశువైద్యుడై బెల్‌ఫాస్టు నగరమున స్థిరపడెను. ఆ కాలమున చక్రములకు గట్టి రబ్బరు పట్టీలుండెడివి. రాళ్లు పరచిన వీథులలో మూడుచక్రముల బండి త్రొక్కు తన కుమారుడు కుదుపులకు బాధపడుట చూచి, ఆయన 1887లో రబ్బరు గొట్టమున గాలి నింపి, బట్ట చుట్టి, కొయ్యచక్రమునకు బిగించెను. ఆ చక్రమును, పాతచక్రమును దొర్లించి చూడగా గాలిచక్రమే ఎక్కువ దూరము పోయెను. 1888లో పేటెంటు లభించెను. మరుసటి యేడు విలియం హ్యూమ్ ఈ టైర్లతో బెల్‌ఫాస్టు పందెములలో గెలిచెను.

కాని థామ్సన్ అను మరియొక స్కాట్లండువాడు 1845లోనే ఇట్టి చక్రమునకు పేటెంటు పొందియుండెనని తేలెను. డన్‌లప్ హక్కు చెల్లకపోయెను. ఆయన పేరిట పరిశ్రమ వర్ధిల్లినను, గొప్ప సంపద ఆయనకు దక్కలేదు. 1921లో డబ్లిన్ నగరమున ఆయన కన్నుమూసెను.

తొలి టైర్లను చక్రమునకే అతికించెడివారు. పంక్చరయినచో విప్పుట కష్టము. 1890లో వెల్చ్, బార్ట్‌లెట్ అనువారు వేర్వేరుగా ఊడదీయదగిన టైర్లను కల్పించిరి. అందువలననే నేడు మనము ట్యూబును వెలికి దీసి, నీట ముంచి, బుడగలను బట్టి చిల్లిని కనుగొని అతుకు వేయగలుగుచున్నాము. అయినను టైరులోపల తడిమి ముల్లును తీయనిదే ఆ అతుకు నిలువదు. బాలలారా! ఒకడు తలచినదానిని మరియొకడు సాధించెను, వేరొకరు సవరించిరి. అందరి శ్రమఫలమే మన సుఖప్రయాణము.