పిడికెడు బియ్యం బిషప్పు: వి.ఎస్. అజరయ్య గారు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని మన సంఘం కార్యదర్శి గారు కోరినప్పుడు నాకు వెంటనే తట్టిన పేరు డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారిది. మన సభ్యుల్లో ఆయన పేరు విననివారు ఉండవచ్చు. విన్నవారిలో కూడా చాలామందికి తెలిసింది ఒక్కటే, ఆంగ్లికన్ సంఘానికి ఆయన మొట్టమొదటి భారతీయ బిషప్పు అని. అది గొప్ప విషయమే. కాని నేను చెప్పదలచుకున్నది అంతకంటె చిన్న సంగతి, వంటింటి సంగతి. దానికి ముందు ఆయన పుట్టుపూర్వోత్తరాలు కొంత చెప్పాలి.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళదేశంలో తిరునెల్వేలి ప్రాంతపు వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో జన్మించారు. వారిది నాడార్ కులం. ఆ రోజుల్లో తాటిచెట్లెక్కి బతికేవారని, గుళ్ళలోకి రానివ్వకూడదని ఆ కులాన్ని చిన్నచూపు చూసేవారు. తండ్రి థామస్ వేదనాయగం గారు క్రైస్తవమతం స్వీకరించి పల్లె పాదిరిగా పనిచేశారు. 1889లో ఆయన చనిపోయేనాటికి అజరయ్య గారికి పదిహేనేళ్ళు. తల్లి పెంపకంలో చదువు సాగి మద్రాసు క్రిస్టియన్ కాలేజీదాకా వెళ్ళారు. తీరా చివరి పరీక్ష సమయానికి జబ్బుచేసి డిగ్రీ చేతికి రాలేదు. మళ్ళీ ఆ పరీక్షకు కూర్చోలేదు కూడా. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారే పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చారనుకోండి. డిపార్టుమెంటల్ పరీక్షలు తప్పి ప్రమోషన్లు వెనకబడిన మనవంటివారికి ఇది వినడానికి బాగుంటుంది.

1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణాదంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడారు. దక్షిణదేశంలో కాలేజీ మెట్లెక్కిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. 1902లో సింహళంలోని జాఫ్నాకు వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో సొంత మనుషులను సువార్త పనికి పంపుతూండడం చూశారు. ఆ దృశ్యం ఆయనను నిలవనీయలేదు. మన ఊళ్ళలో బడి కట్టాలన్నా, గుడి కట్టాలన్నా, పాదిరికి జీతమివ్వాలన్నా సీమ నుంచి మనియార్డరు రావలసిందేనా అన్న ప్రశ్న పుట్టింది. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905 క్రిస్మస్ నాడు సేరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఆయన పూనికతోనే మొదలయ్యాయి. డబ్బు మనది, మనుషులు మనవాళ్ళు, నడపడం మన చేతిలో, ఇదీ నిబంధన.

తిరునెల్వేలి వారు పనికోసం ఎన్నుకున్నది నైజాం రాష్ట్రంలో మానుకోట వైపు మూల. కార్యదర్శిగా కుర్చీలో కూర్చుని ఇతరులను పంపే ఉద్యోగం అజరయ్య గారిది. ఆ కుర్చీ ఎంత సుఖమో ఆఫీసులో పనిచేసినవారికి తెలియనిది కాదు. దాన్ని వదిలి 1909లో, ముప్పై అయిదేళ్ళ వయసులో, పాదిరిగా అభిషేకం పొంది భార్యాబిడ్డలతో డోర్నకల్‌కు వచ్చారు. అప్పటికి అది చుట్టూ అడవి ఉన్న చిన్న రైల్వే జంక్షను. ఇల్లు అమరేదాకా గుడారంలోనే కాపురం. భాష రాదు. ఆ వయసులో తెలుగు ఓనమాలు దిద్దుకుని, ఆ భాషలోనే ప్రసంగించారు, రాశారు.

డోర్నకల్‌కు, మన మంచిర్యాల ప్రాంతానికి ఏమిటి సంబంధమని అడగవచ్చు. డోర్నకల్ జంక్షను ముఖ్యమైనదే ఇల్లెందు బొగ్గు వల్ల. ఆ ఇల్లెందు, కొత్తగూడెం గనుల నుంచి బెల్లంపల్లి, మందమర్రి గనులకు ఎన్నో కుటుంబాలు తరలివచ్చాయి. వాళ్ళతో వచ్చిన సామానులో డోర్నకల్ పాటల పుస్తకాలూ ఉన్నాయి. మా కుటుంబం అలా వచ్చిందే.

1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ అజరయ్య గారు లేచి తెల్లదొరలు నొచ్చుకునే మాట చెప్పారు. మిషనరీలు ఆస్తులు, ప్రాణాలు సైతం ధారపోస్తున్నారు గాని, తమతో పనిచేసే భారతీయుణ్ణి సాటి మనిషిగా ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవడం లేదని, కావలసింది స్నేహమని ఆ ప్రసంగ సారాంశం. సభలో కొందరికి కోపం వచ్చింది. రెండేళ్ళకు, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో ఆయనకు బిషప్పుగా పట్టాభిషేకం జరిగింది. నల్లవాడి కింద తెల్లవాళ్ళు ఎలా పనిచేస్తారని మిషనరీలలో కొందరు అభ్యంతరం చెప్పారు. భారతీయ క్రైస్తవులలోనూ గొణిగినవారున్నారు. మొదట ఇచ్చింది చిన్న డయోసిసే. 1920ల మొదట్లో బందరు, ఏలూరు, బెజవాడ వైపు సంఘాలు కూడా చేరాక ఇంగ్లీషు పాదిరులు ఎందరో ఆయన కింద పనిచేయవలసివచ్చింది, చేశారు కూడా.

ఇప్పుడు వంటింటి సంగతి. ఆయన సంఘాల్లోని జనం ఎవరు? మాలలు, మాదిగలు, దొరల పొలాల్లో కూలికి, వెట్టికి పోయేవారు. గింజలు కూలిగా తెచ్చుకుని ఆ రాత్రి దంచుకుని వండుకునేవారు. వీళ్ళ దగ్గర చందా అడగడమే పాపమనుకున్నారు చాలామంది. బిషప్పు గారి లెక్క వేరు. ఇవ్వడానికి ఏమీ లేదని ఒక మనిషిని ఎప్పుడూ పుచ్చుకునేవాడిగానే ఉంచితే వాడు ఎప్పటికీ తలెత్తడని ఆయన నమ్మకం. అందుకని, పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేయాలి. ఆదివారం ఆ కుండ గుడికి వస్తుంది. ఆ బియ్యంతోనే పల్లె ఉపదేశి కుటుంబం గడవాలి. కోతల కాలంలో ప్రథమ ఫలాల పండుగ. ధాన్యం, కోళ్ళు, మేకలు, గుమ్మడికాయలు, ఎవరికి పండింది వారు తెచ్చేవారు. ఇది ఆయన కనిపెట్టిన పద్ధతేమీ కాదు. మిజోరాం సంఘాలు నేటికీ పిడికెడు బియ్యంతో కోట్ల రూపాయలు పోగుచేస్తున్నాయి. కాని ఈ విషయం మీద క్రైస్తవ దాతృత్వం గురించి పుస్తకమే రాసి, పల్లెపల్లెకూ చెప్పి చేయించినవారు ఆయన.

మా అమ్మ ఆ కుండ వాడింది. బెల్లంపల్లి క్వార్టరులో పొయ్యి పక్కన మూత పగిలిన కుండ ఉండేది. నాన్న గనిలో పనిచేసేవాడు. నెలాఖరుకు బియ్యం డబ్బా అడుగంటిన రోజుల్లోనూ పిడికిలి తప్పేది కాదు. కాకపోతే ఆ రోజుల్లో పిడికిలి కొంచెం చిన్నదయ్యేదని మా అక్క ఇప్పటికీ నవ్వుతుంది. మేము ఆకలిగా ఉన్నా ఆ కుండలో చెయ్యి పెట్టకూడదు. దేవుడికి మన బియ్యం ఎందుకని చిన్నతనంలో నేను అడిగేవాణ్ణి. అమ్మకు చదువు లేదు, జవాబు చెప్పేది కాదు. ఈ అలవాటు వెనుక ఒక బిషప్పు ఉన్నాడని ఉద్యోగంలో చేరాక, డోర్నకల్ వెళ్ళినప్పుడు తెలిసింది.

బియ్యం ఒక్కటే కాదు. బాప్తిస్మం పొందినవారిని తమ తలమీద తామే చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే మాకు శ్రమ అని పలకమనేవారు. అక్షరం రాని కూలివాడు కూడా పుచ్చుకుని ఊరుకోకూడదు, పొరుగువాడికి చెప్పాలి. ఏటా ఒక వారం పల్లె జనం గుంపులుగా పొరుగూళ్ళకు పాడుకుంటూ వెళ్ళేవారు. సారా, అప్పులు, మురికి, రోగాలు, వీటిమీద ఆయన చేసిన పోరు కూడా చిన్నది కాదు. ఉపదేశులకు డోర్నకల్‌లో శిక్షణ ఇచ్చేటప్పుడు వారి భార్యలకూ ఇచ్చేవారు. పొలం పని అందరూ చేయవలసిందే. మాలపల్లి, మాదిగపల్లి తగాదా గుళ్ళోకీ వచ్చేది. సంస్కారపు గిన్నె అందరికీ ఒకటే అని ఆయన గట్టిగా నిలబడ్డారు. మన జిల్లాల్లో కొన్ని ఊళ్ళలో ఈ తగాదా నేటికీ తీరలేదని చెప్పక తప్పదు. అయితే కూలివాళ్ళలో వచ్చిన మార్పును చూసి 1930లలో కాపుదనపు కులాలవారు కూడా వేల సంఖ్యలో సంఘంలో చేరారు. పాలేరును చూసి ఆసామి నేర్చుకున్న కాలమది.

మత మార్పిడి విషయంలో గాంధీగారితో ఆయనకు పొత్తు కుదరలేదు. అదే సమయంలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని వాదించినవారిలో ఆయన ముందున్నారు. సంఘం రాజకీయ కులంగా మారి గోడ కట్టుకుంటుందని ఆయన భయం. ఇక్కడ నాకు ఆయనతో పూర్తిగా ఏకీభావం లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవులైన దళితులు షెడ్యూల్డు కులాల జాబితాకు బయట ఉండిపోయారు. 1970 నుంచి మన రాష్ట్రంలో బి.సి.-సి గ్రూపు కింద ఒక్క శాతం. నేను ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు మా ఇంట్లో ఈ లెక్క గంటలకొద్దీ నడిచింది. చర్చి పేరు దాచి పాత కులం రాస్తే త్వరగా వస్తుందని చుట్టాలు చెప్పారు. నాన్న ఒప్పుకోలేదు. గుడిలో ఒక పేరు, కాగితంలో ఒక పేరు ఉండకూడదన్నాడు. దానివల్ల నాకు ఉద్యోగం మూడేళ్ళు ఆలస్యమైంది, ఆ మేరకు పెన్షనూ తగ్గింది. హక్కు అడగకుండా నిలబడడం బిషప్పుకు సాధ్యం. గని కార్మికుడి ఇంట్లో దాని ఖరీదు రూపాయల్లో కట్టవలసి వస్తుంది. నాన్న కట్టాడు.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కెథీడ్రల్‌కు 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. బయట గుమ్మటాలు, మినార్లు. లోపల మన గుడి మంటపంలోవలె రాతి స్తంభాలు. ఇంగ్లీషు చర్చి నమూనా తెచ్చి ఇక్కడ పాతడం ఆయనకు ఇష్టం లేదు. సంఘాలు విడివిడిగా ఉండడమూ ఇష్టం లేదు. 1919లో తరంగంబాడిలో ఐక్యతకోసం జరిగిన సమావేశానికి ఆయనే అధ్యక్షులు. ఆ పని తెమలడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడేనాటికి ఆయన లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. అప్పటికి డయోసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షల పైచిలుకు. మన గోదావరి అవతలి కరీంనగర్ డయోసిస్ 1978లో దాని నుంచే విడివడింది.

ఆయన సమాధి కెథీడ్రల్ ఆవరణలోనే ఉంది. చూడదలచినవారు మంచిర్యాల నుంచి కాజీపేట మీదుగా బెజవాడ లైనులో వెళ్ళాలి. డోర్నకల్ స్టేషన్లో దిగి ఎవరిని అడిగినా చూపిస్తారు. జనవరి 6 పండుగకు వెళ్తే జనం ఎక్కువ, కూర్చోడానికి చోటు దొరకదు. మోకాళ్ళ నొప్పులున్న మనవంటివారు మామూలు రోజున వెళ్ళడమే మేలు.