పదో వంతు మనిషి

0.45 పెద్దదా, 0.5 పెద్దదా? ఐదో క్లాస్ పిల్లల్ని అడగండి. 45 పెద్దది కాబట్టి 0.45 అనేవాళ్ళు చాలామందే ఉంటారు. ఈ చిక్కుకి మందు 1585 నాటి ఓ చిన్న పుస్తకంలో ఉంది.

రాసింది సైమన్ స్టెవిన్. 1548లో, ఇప్పటి బెల్జియంలో ఉన్న బ్రూజ్‌లో పుట్టాడు. మొదట పద్దులు రాసే గుమాస్తా. 35 ఏళ్ళకి లైడెన్ యూనివర్సిటీలో చేరాడు. తర్వాత డచ్ సైన్యంలో ఇంజనీర్ అయ్యాడు.

దశాంశాలు ఆయన కనిపెట్టినవి కావు. అంతకుముందే అల్-కాషీ వాడాడు. కానీ యూరప్‌లో పనిచేసుకునే మామూలు మనుషుల దాకా వాటిని తెచ్చింది స్టెవినే. పండితుల లాటిన్‌లో కాకుండా, భూమి, బట్ట, వైన్ పీపాలు కొలిచేవాళ్ళకి అర్థమయ్యే డచ్‌లో రాశాడు. పేరు 'డె తీండె', అంటే పదో వంతు.

అందులో దశాంశ బిందువు లేదు. ప్రతి అంకె పక్కనా చిన్న వృత్తం గీసి, లోపల దాని స్థానం రాసేవాడు. 0.45 అంటే 4 పక్కన 1, 5 పక్కన 2. అంటే నాలుగు పదో వంతులు, ఐదు వందో వంతులు. 0.5లో మాత్రం పదో వంతులే ఐదు! ఏది పెద్దదో చూడగానే తెలిసిపోతుంది.

నాణేలు, కొలతలు కూడా పదుల్లోకి మారాలన్నాడు. 1620లో చనిపోయాడు. మన పదహారణాల రూపాయి 100 నయా పైసలయింది 1957లో.

వృత్తాలు పోయాయి, చుక్క మిగిలింది. తమ్ముడికో చెల్లికో దశాంశాలు చెప్పేటప్పుడు చుక్కతో మొదలుపెట్టకండి. ముందు పదో వంతు చూపించండి.