గడప అవతలి వైద్యం: ఐడా స్కడర్

1890ల తొలినాళ్లలో తిండివనంలోని ఒక అమెరికన్ మిషనరీ ఇంటికి ఒకే రాత్రి ముగ్గురు పురుషులు వచ్చారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, మరొకరు అగ్రవర్ణ హిందువు. ముగ్గురి భార్యలూ ప్రసవవేదనలో ఉన్నారు. ఇంట్లో వైద్యుడున్నాడు, కానీ పరపురుషుడు తమ గడప తొక్కరాదన్నారు. ఆయన కుమార్తెను రమ్మన్నారు. ఆమెకు వైద్యం తెలియదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ మరణించారు. ఐడా స్కడర్ తనకు దేవుని పిలుపు అందిన తీరుగా జీవితాంతం చెప్పుకున్న కథ ఇది. దీనిని భక్తిగాథగానే చదవడం మనకు అలవాటు. కులమతాలు వేరైనా స్త్రీదేహంపై కాపలా ఒక్కటేనన్న సంగతి అందులో మరుగున పడుతుంది.

1870లో రాణిపేటలో పుట్టిన ఐడాకు మిషనరీ జీవితం ఇష్టం లేదు. తాత జాన్ స్కడర్ 1819లోనే సిలోనుకు వైద్య మిషనరీగా వచ్చినవాడు. ఆమె మాత్రం జబ్బుపడిన తల్లిని చూసి తిరిగిపోదామనే వచ్చింది. ఆ రాత్రి తరువాత అమెరికా వెళ్లి, 1899లో కార్నెల్‌లో వైద్యపట్టా పొంది, మరుసటి ఏడాది తిరిగివచ్చింది. 1902లో వెల్లూరులో 40 పడకల ఆసుపత్రి వెలిసింది.

ఒక్క వైద్యురాలితో తీరే కొరత కాదని గ్రహించి, 1918లో స్త్రీల వైద్య పాఠశాల ప్రారంభించింది. 1922లో తొలి జట్టు విద్యార్థినులు 14 మందీ ఉత్తీర్ణులయ్యారు. ప్రసవ రక్తాన్ని మైలగా ఎంచిన సమాజం ఆ పనిని మంగలి, దళిత స్త్రీలకు అప్పగించి, ఆ చేతులకు గౌరవం నిరాకరించింది. అదే పని ఇక్కడ శాస్త్రమైంది, పట్టా అయింది. అయితే ఆ పట్టాకు ఇంగ్లీషు చదువు కావాలి. తరతరాల మంత్రసాని అనుభవం అర్హత కాలేదు. పైగా పరదాను ఆమె కూల్చలేదు, దాని లోపలికి వెళ్లగల స్త్రీలను తయారుచేసింది. ఇది రాజీయేనని నా అభిప్రాయం. కానీ ఆ రాజీ ప్రాణాలు నిలిపింది.

ప్రభుత్వం ఎల్.ఎం.పి. కోర్సుకు స్వస్తి పలకడంతో 1942లో ఎం.బి.బి.ఎస్. మొదలైంది. 1947లో పురుషులకూ ప్రవేశం కల్పించారు. స్త్రీల కోసమే నిధులిచ్చిన అమెరికన్ మద్దతుదారులలో కొందరు దీన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. కళాశాల నిలవాలంటే మార్గాంతరం లేదని ఐడా అంగీకరించింది. క్రైస్తవ సంఘాల సిఫారసుతో సీటు పొందినవారు చదువు ముగిశాక మిషన్ ఆసుపత్రులలో నిర్ణీత కాలం సేవ చేయాలన్న నియమం ఆ కళాశాలలో స్థిరపడింది. ఐడా 1960 మే 24న కొడైకెనాల్‌లో మరణించింది.

1911 వరకు వెల్లూరు, చిత్తూరు ఒకే ఉత్తరార్కాటు జిల్లా. జిల్లాలు విడిపోయినా, చిత్తూరు రోగులు నేటికీ కాట్పాడిలో రైలు దిగుతూనే ఉన్నారు.