ఆలన్ ట్యూరింగు

విద్యార్థులారా! నేఁడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల బాలురు చేతిఫోనును ప్రశ్నించి, అది తెలుఁగున బదులు చెప్పఁగా దానితో మనుష్యునితోవలె సంభాషించుచున్నారు. ఆ పలుకుల వెనుక మనస్సున్నదా? ఈ ప్రశ్నకు విచారణమార్గము చూపిన ఆలన్ ట్యూరింగు చరిత్రమును మేమిచట సంగ్రహించుచున్నాము.

ట్యూరింగు తండ్రి జూలియస్ చెన్నపురి రాజధానిలో సివిలు సర్వీసు ఉద్యోగి. ఆయన పని చేసిన ఛత్రపురము నేఁడు ఒడిశాలోనున్నది. ఆలన్ 1912 జూన్ 23న లండనులో జన్మించెను. తలిదండ్రులు ఉద్యోగమునకై మరల ఇండియాకు రాఁగా, అన్నదమ్ములిరువురును ఇంగ్లండులో పరుల యింటఁ బెరిగిరి. వసతిగృహములందున్న మీకు ఆ బెంగ తెలియనిది కాదు.

షెర్‌బోర్ను పాఠశాలలో ఆయన ప్రాణమిత్రుఁడు క్రిస్టఫర్ మోర్కం. అతఁడు 1930లో క్షయచే మరణించెను. దేహము నశించిన పిదప మనస్సేమగును అను చింత నాఁడు ట్యూరింగును బట్టుకొనెను.

1936లో ఆయన, కాగితముపై లెక్కలు చేయు మనుష్యుని పనిని సూక్ష్మముగాఁ బరిశీలించెను. వాఁడు చూచిన గుర్తు, అప్పటి మనఃస్థితి, తరువాతి చర్య, వీనిని నియమములుగాఁ గూర్చి ఒక యంత్రము నూహించెను. నేఁటి కంప్యూటరునకు అదియే సిద్ధాంతబీజము. రెండవ ప్రపంచ యుద్ధమున బ్లెచ్లీ పార్కులో జర్మనుల ఎనిగ్మా రహస్యలిపిని ఛేదించినవారిలో ఆయన ముఖ్యుఁడు.

1950లో మైండ్ అను పత్రికయందు ఆయన అనుకరణక్రీడను వివరించెను. పరీక్షకుఁడు మనుష్యునితోను, యంత్రముతోను ముఖములు చూడక, టైపు వ్రాఁతలచేతనే సంభాషింపవలెను. ఏది యంత్రమో గుర్తింపలేనిచో, అది ఆలోచించుచున్నదనుటకు అభ్యంతరమేల యని ఆయన వాదము.

ఈ క్రీడ మనలనుగూడఁ బరీక్షించును. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ ప్రకటించిన ఎలీజా ప్రోగ్రాము, చెప్పినవారి మాటలనే త్రిప్పి ప్రశ్నలుగా నిచ్చుచుండెను. దానికి అర్థజ్ఞానము లేకున్నను, కొందఱు దానికిఁ దమ మనోవేదనలు చెప్పుకొనిరి. మాటకు మాట వచ్చినచోట మనస్సు నూహించుట మనుష్యస్వభావము.

1952లో, నాఁటి ఆంగ్లేయ శాసనము పురుషులిద్దఱి ప్రేమసంబంధమును నేరముగా నెంచుటచే, న్యాయస్థానము ట్యూరింగును దోషిగా నిర్ణయించెను. చెఱకు మారుగా ఆయన హార్మోను చికిత్సకు లోఁబడవలసివచ్చెను. 1954 జూన్ 7న సయనైడు విషముచే మరణించెను. రాజక్షమాభిక్ష 2013లోఁ గాని లభింపలేదు. దేశమునకు అంతటి మేలు చేసినవాని మనోవేదనను తోడి మనుష్యులు కానకపోవుట మిక్కిలి శోచనీయము.

ఆయన పేరిటి బహుమానము 1994లో, చిత్తూరు జిల్లాలో జన్మించి, యంత్రములకు మనుష్యవాక్కును గ్రహింపనేర్పుటకై కృషిచేసిన రాజ్ రెడ్డిగారికి మఱియొకరితోఁ గలిపి లభించెను. మీరును యంత్రవిద్య నభ్యసింపుఁడు. కాని ఫోను పలుకులలో మనస్సును వెదకుచు, ప్రక్క బల్లపై మౌనముగాఁ గూర్చున్న సహపాఠికి మనస్సు కలదని మఱవకుఁడని మా మనవి.