తన బరువే తనకు బలం: నవాబ్ అలీ నవాజ్ జంగ్

గోడ దేనివల్ల నిలుస్తుంది? తన బరువువల్ల. ఈ సూత్రంతోనే తెలంగాణ చేలకు నీళ్లు మళ్లించిన మహనీయుడు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్.

అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించారు. నిజాం కాలేజీలో చదివి, సర్కారు స్కాలర్‌షిప్పుతో ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగు కాలేజీకి వెళ్లారు. 1899లో తిరిగొచ్చి ఉద్యోగంలో చేరి, 1918లో చీఫ్ ఇంజనీరయ్యారు. మంజీరపై ఆయన కట్టించిన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. రైతుబిడ్డనైన నాకు ఆ పేరు వింటేనే గౌరవం. 1949లో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజే నేడు తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవం.

రాతి ఆనకట్టను నీళ్లు నెడతాయి, ఇటుక ప్రహరీని గాలి నెడుతుంది. ఆ తోపు, గోడ బరువు కలిసిన బలం అడుగుభాగం నడిమి మూడోవంతులో పడితే ఇటుకల మధ్య లాగుడు పుట్టదు. అదే గాలికి మందం రెట్టింపయితే గోడ తన బరువుతోనే నాలుగింతల ఎత్తు నిలుస్తుంది.

మా షామీర్‌పేట, మేడ్చల్ వైపు పొలాలు ప్లాట్లయినంక పిల్లర్లు లేని సన్న గోడలు లేస్తున్నయి. వాటి నీడనే కూలోళ్లు సద్ది తింటరు. గాలిదుమారం రాకముందే ఈ లెక్క ఊళ్లో చెప్పడం, మిత్రులారా, సైన్సు చదివిన మన పని కాదా?