యెరూషలేము బిషప్పు సిరిల్ గారు

లెంతు దినములు వచ్చినప్పుడెల్ల మాకు సిరిల్ గారు జ్ఞాపకమునకు వత్తురు. ఆయన సుమారు 350లో యెరూషలేము బిషప్పు అయిరి. అప్పట్లో ఈస్టరునాడు బాప్తిస్మము పొందగోరువారు లెంతు ఆరంభముననే పేరు వ్రాయించుకొనవలెను. పేరిచ్చిన చాలదు. ఇతడు తలిదండ్రులను గౌరవించునా, త్రాగుబోతు కాడుగదా అని బిషప్పుగారే ఇరుగుపొరుగువారిని విచారించెడివారు. మనలను గూర్చి మన వీధివారిని అడిగినచో ఎందరము నిలుతుమో! పిమ్మట ప్రతి ఉదయము మూడు గంటలసేపు ఉపదేశము. బాప్తిస్మము పొందిన విశ్వాసులును వచ్చి వినెడివారు. 380 తరువాత అచ్చటికి వెళ్లిన ఎగేరియ అను యాత్రికురాలు ఈ సంగతులు వ్రాసిపెట్టెను. సిరిల్ గారి లెంతు ఉపదేశములు 18 నేటికిని నిలిచియున్నవి.

ఒకసారి కరవు వచ్చెను. ఆకలిగొన్న బీదలు ఆయనవైపే చూచిరి. ధాన్యము కొనుటకు సొమ్ము లేక, ఆలయపు విలువగల వస్తువులను ఆయన అమ్మించిరి. కైసరయ బిషప్పు అకాకియు పక్షమువారు దీనినే నేరముగా చూపిరి. క్రీస్తు దైవత్వమును గూర్చిన వివాదమును దానికి తోడాయెను. 357లో ఆయనను పదవినుండి త్రోసివేసిరి. మొత్తము మూడుసార్లు వెళ్లగొట్టబడి, సుమారు 16 ఏండ్లు మందకు దూరమైరి. ఆలయ సొత్తు అమ్మరాదనువారు నేడును గలరు. మాకు మాత్రము ఆ అమ్మకము ఆయన చేసిన మరియొక ఉపదేశముగానే తోచును.

378లో ఆయన తిరిగివచ్చిరి. 381 కాన్‌స్టాంటినోపుల్ మహాసభలో పాల్గొనిరి. ఆ చివరి ఏండ్లలో మట్టలాదివారపు సాయంకాలము జనులందరు, చంటిబిడ్డలతోసహా, ఖర్జూరపు మట్టలు, ఒలీవ కొమ్మలు పట్టుకొని ఒలీవల కొండనుండి బిషప్పుగారితో కూడ పట్టణములోనికి నడచెడివారు. 386లో ఆయన ప్రభువునందు నిద్రించిరి.