కాటన్ దొర: పక్కనే గోదావరి ఉన్నా ఆకలి చావులే.. ఆ ఊళ్ల తలరాత మార్చిన ఇంజినీర్ కథ

గోదావరి జిల్లాల్లో తిరిగితే గుర్రం మీద కూర్చున్న ఓ తెల్లదొర విగ్రహం చాలా ఊళ్లలో కనిపిస్తుంది. ఆయనే సర్ ఆర్థర్ కాటన్. మనల్ని పాలించిన దేశం మనిషికి ఇంత గౌరవం ఎందుకు? అది తెలియాలంటే ఆయన రాకముందు ఈ ఊళ్లు ఎలా ఉండేవో చూడాలి.

ఇప్పుడు పచ్చగా కనిపించే ఈ డెల్టాలో అప్పట్లో వాన పడకపోతే కరువు, ఎక్కువ పడితే వరద. 1833 నాటి కరువుకు జనం పిట్టల్లా రాలిపోయారు. 1839లో తుపాను ఉప్పెన కోరింగ రేవును ముంచేసింది. 1821 నుంచి 1841 మధ్య రాజమండ్రి జిల్లా జనాభా లక్షకు పైగా తగ్గిపోయింది. ఊరి పక్కనే నది.. నీళ్లేమో సముద్రం పాలు!

1803 మే 15న పుట్టిన కాటన్ 18 ఏళ్లకే మద్రాసు వచ్చేశారు. కావేరి మీద పనిచేసే రోజుల్లో చోళుల కాలం నాటి కల్లణై ఆనకట్ట ఆయన కంట పడింది. ఇసుక మీద రాళ్లు పేర్చి కట్టిన కట్ట అన్ని వందల ఏళ్లు ఎలా నిలబడింది? ఆ పాఠమే ధవళేశ్వరంలో అక్కరకొచ్చింది. ఇక్కడ నది వెడల్పు లంకలతో కలిపి దాదాపు 6 కిలోమీటర్లు. అడుగున ఇసుకే. అందుకే లంకలను కలుపుకుంటూ నాలుగు ముక్కలుగా ఆనకట్ట వేశారు. రాయి దగ్గర్లోని కొండ నుంచే తెచ్చారు. 1847లో మొదలైన పని 1852కి పూర్తయింది. మధ్యలో ఆరోగ్యం పాడై ఆయన సెలవు మీద వెళ్లాల్సి వచ్చింది కూడా.

చాలామంది మర్చిపోయే పేరు ఇంకోటి ఉంది.. వీణం వీరన్న. వేలాది కూలీలను కూడగట్టి, కాటన్ పక్కనే ఉండి పని నడిపించిన తెలుగు అధికారి. దొర విగ్రహాలకు లెక్కలేదు కానీ, ఈయన్ను తలుచుకునేవాళ్లు తక్కువే.

ఇక కాలువల సంగతి. పొలాలకు నీళ్లివ్వడమే కాదు, లాకులు కట్టి పడవలూ నడిపారు. ఏలూరు, కాకినాడ, నరసాపురం కాలువల మీద ధాన్యం పడవల్లోనే కదిలేది. రైళ్ల కంటే కాలువలే మేలని కాటన్ గట్టిగా వాదించేవారు. ఆ పట్టుదలకే 1878లో, 75 ఏళ్ల వయసులో లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు ప్రశ్నలు ఎదుర్కొన్నారు.

1899 జులై 24న, 96 ఏళ్ల వయసులో ఇంగ్లండ్‌లో కన్నుమూశారు. పాత ఆనకట్ట చోట తర్వాత కట్టిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. రాజమండ్రి నుంచి కోనసీమ వెళ్లే బండ్లు ఇప్పటికీ దాని మీదుగా పోతుంటాయి.